నోటు మీద అన్న పేరు

8 నవంబర్ 2002, బోధన్

ఈ డైరీ జనవరిలో ఎరువుల కంపెనీవాళ్లు మా సహకార సొసైటీకి ఇచ్చారు. పది నెలలుగా బల్ల సొరుగులో ఖాళీగా పడి ఉంది. ఇవాళ తీశాను. ఎవరితో మాట్లాడినా నా గొంతు నాది కానట్టు వినిపిస్తోంది. ఇక్కడైతే గొంతు అక్కర్లేదు.

అన్న పోయి ఐదు రోజులు. ఆత్మారాం, నలభై ఆరేళ్లు. చందూర్‌లో చెరుకు చేను దగ్గర మోటరు స్టార్టరు పట్టుకుని షాకు కొట్టి పోయాడు. నేను వెళ్లేసరికి గట్టు మీద పడుకోబెట్టారు. కుడి అరచెయ్యి నల్లగా ఉంది. ముఖం మాత్రం మధ్యాహ్నం పూట కాసేపు ఒరిగినట్టే ఉంది.

నిన్న కందకుర్తి పోయి అస్థికలు గోదావరిలో కలిపాం. వానలు లేవు, నీళ్లు మోకాలి దాకా కూడా లేవు. బూడిద కొట్టుకుపోలేదు. నా కాళ్ల చుట్టూ తిరిగి అక్కడే నిలబడింది. నేను పాదంతో నీళ్లు నెట్టాను. ఎవరూ చూసి ఉండరు.

ఊళ్లో అందరి స్టార్టర్లూ బాగుచేసే మనిషి తీగ ఎట్లా పట్టుకున్నాడని అక్కడే ఒకాయన అడిగాడు. నేను తడి పంచె పిండుకుంటూ పక్కకు జరిగాను.

13 నవంబర్

పదకొండో రోజు. అన్న ఇంటి ముందు టెంటు వేశాం. కూర్చున్నవాళ్లలో సగం మంది చుట్టాలు, సగం మంది అప్పిచ్చినవాళ్లు. ఎవరెవరో తినే తీరులోనే తెలిసిపోయింది. చుట్టాలు కూరలో ఉప్పు గురించి మాట్లాడుకున్నారు. అప్పిచ్చినవాళ్లు తల వంచుకుని తిని, చేతులు కడుక్కుంటూ ఇంటి దూలాలనూ కొట్టంలో ఎడ్లనూ చూసుకున్నారు.

తుకారాం సేఠ్ కూడా వచ్చాడు. బోధన్‌లో రైతుల పసుపు, బెల్లం కమీషన్ మీద అమ్మిపెట్టే దుకాణం ఆయనది. అప్పు మాట ఎత్తలేదు. పోయేటప్పుడు నా భుజం మీద చెయ్యి వేసి, తర్వాత కూర్చుందాం అన్నాడు. ఆ చెయ్యి సాయంత్రం దాకా భుజం మీదే ఉన్నట్టు ఉంది.

వదినె లోపల గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె బిడ్డ రుక్మ అందరికీ నీళ్లు ఇచ్చింది. రోజూ బస్సులో బోధన్ వచ్చి ఇంటర్ రెండో ఏడు చదువుతోంది. చెంబు అందించేటప్పుడు చూశాను. వేళ్లు అచ్చం అన్న వేళ్లు. నీళ్లు వద్దన్నాను.

14 నవంబర్

అన్న తుకారాంకు రాసిచ్చిన అప్పు కాగితం సంగతి వదినెకు చెప్పలేదు. అడిగితే చెప్పేవాణ్ని.

18 నవంబర్

సెలవు పెట్టి నిజామాబాద్ పోయాను. కోర్టు ఎదురుగా దశరథం వకీలు దగ్గరికి. నా స్నేహితుడి ఇంట్లో జరిగిన సంగతి అని మొదలుపెట్టాను. ఆయన నవ్వలేదు, కానీ అందరూ స్నేహితుల సంగతే తెస్తారన్నట్టు చూశాడు.

ఆయన చెప్పింది మర్చిపోకుండా రాసుకుంటున్నాను. పోయిన మనిషి అప్పు ఆయన ఆస్తి మీద ఉంటుంది. ఆస్తి ఎవరికి వస్తే వాళ్లు ఆ ఆస్తి విలువ వరకే బాధ్యులు. పెళ్లాం, పిల్లలు తమ కష్టంతో సంపాదించుకున్న దాంట్లోంచి కట్టాల్సిన పని లేదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్ల గడువు. గడువు దగ్గర పడితే అప్పిచ్చినవాడు కోర్టుకు పోవాలి, లేకపోతే కొత్త కాగితం రాయించుకోవాలి.

"గక్కడనే ఆడోళ్లు మోసపోతరు," అన్నాడు. "పాత కాగితమే గదమ్మా, పేరు మారుస్తున్నం అంతే అంటరు. వేలు ముద్ర ఏసిందంటే ఇగ గది ఆమె సొంత అప్పు."

లేచాను. తలుపు దాకా వచ్చి, అడగడం మర్చిపోయినట్టుగా అడిగాను. తమ్ముడు ఉంటే?

"తమ్మునికేం సంబంధం? జమానత్ సంతకం చేసిండా? అప్పుకు పూచీ ఉన్నడా?"

లేదన్నాను.

"అయితె ఏం సంబంధం లేదు."

బస్సులో బోధన్ దాకా అదే మాట. ఏం సంబంధం లేదు. ఎడపల్లి దాటాక ముందు సీట్లో ఒకాయన తువ్వాల తలకు చుట్టుకుంటున్నాడు. వెనక నుంచి చూస్తే అన్న. దిగేదాకా కిటికీలోంచి బయటికి చూశాను.

20 నవంబర్

చందూర్ పోయి వదినెకు అంతా చెప్పాను. ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టొద్దు, వేలు ముద్ర వెయ్యొద్దు అన్నాను. చట్టం ఏమంటుందో వివరంగా చెప్పాను. రుక్మ నోట్‌బుక్కులో రాసుకుంది. చదువుకున్నవాణ్ని ఒకణ్ని ఇంట్లో ఉన్నందుకు ఆ మాత్రం పనికొచ్చాననిపించింది.

వదినె అంతా విని అడిగింది. "ఆస్తి నాకొస్తది, అప్పు రాదా నర్సూ?"

వస్తుంది, ఆస్తి వరకు, అన్నాను.

"ఆస్తి కోసం గాదు నేనడిగేది. ఆయన ఇస్తనన్న మాట ఉంటది గద."

ఆ తర్వాత ఆమె ఒక్కొక్క అప్పూ నోటితోనే చెప్పుకుంటూ పోయింది. ఆమెకు చదువు రాదు, కానీ ఏదీ మర్చిపోలేదు. రెండో బోరు తవ్వించిన అప్పు. పసుపు విత్తనం అప్పు. తొంభై తొమ్మిదిలో ఆమెకే ఆపరేషన్ అయినప్పటి అప్పు. అన్నిటికీ ఒక కారణం, ఒక చోటు. చివరికి తుకారాం దగ్గర ఆగింది. సేఠ్ మనిషి వచ్చి చెప్పాడట, తొంభై ఏడు జూన్‌లో నలభై వేలు, రెండు వేల సంవత్సరంలో తిరగరాశారు అని.

"ఆ ఏడు మాకేం కర్సు రాలె," అంది. "బోరు లేదు, బీమారి లేదు, లగ్గం లేదు. నలభై వేలు ఏం జేసిండు? నీకేమన్న చెప్పిండా?"

లేదన్నాను.

ఎవరూ చూడని పుస్తకంలో కూడా అబద్ధం ఎందుకు. నాకు తెలుసు. ఇవాళ ఇంతకంటే రాయను.

27 నవంబర్

మా సొసైటీకి యూరియా కోసం వచ్చిన చందూర్ రైతులు గుసగుసలాడుకుంటున్నారు. నన్ను చూసి ఆపేశారు. తర్వాత వాళ్లలో ఒకడిని అడిగితే చెప్పాడు. ఆత్మారాం పటేల్‌కు భీమ్‌గల్‌లో ఇంకో ఇల్లు ఉండేదట. ఏటా రెండుసార్లు పోయి రెండేసి రోజులు ఉండి వచ్చేవాడట. ఊళ్లో హన్మాండ్లు చాయ్ హోటల్లో అందరూ అదే అనుకుంటున్నారట.

వెర్రి మాటలు అన్నాను. గట్టిగానే అన్నాను.

28 నవంబర్

నగదు లెక్కపెడుతుంటే వెనక నుంచి "నర్సూ" అని వినిపించింది. తిరిగాను. ఎవరూ లేరు. లెక్క తప్పింది. మళ్లీ మొదటి నుంచి.

1 డిసెంబర్

రాస్తాను. రాస్తే పోతుందేమో.

తొంభై ఏడులో కూడా నేను ఈ సొసైటీలోనే క్యాషియర్‌ని. ఎరువులు అమ్మిన డబ్బు వారానికోసారి బ్యాంకులో కట్టాలి. ఆ వేసవిలో బోధన్‌లో ఈ ప్లాటు చవగ్గా వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు నలభై వేలు తక్కువ. జూలైలో నా చిట్టీ వస్తుంది, కట్టేద్దామనుకుని సొసైటీ డబ్బు తీశాను. తీశాను. ఎప్పుడూ వాడుకున్నాననే అనుకునేవాణ్ని. ఇవాళ తీశాను అని రాస్తున్నాను.

జూన్‌లో ఆడిట్ పడింది. రెండు రోజుల టైం. నేను చందూర్ పరుగెత్తాను. అన్న చేనులో చెరుకుకు నీళ్లు కడుతున్నాడు. పార పక్కన పెట్టి అంతా విన్నాడు. ఎందుకు తీశావని అడగలేదు. ఎంత కావాలి, ఎప్పటికి కావాలి, ఈ రెండే అడిగాడు. మర్నాడు మధ్యాహ్నం ఎరువు సంచిలో చుట్టి తెచ్చి ఇచ్చాడు. వదినెకు చెప్పొద్దని బతిమాలింది నేనే. ఆమెకు తెలిస్తే నా భార్య శ్యామలకు తెలుస్తుంది, శ్యామలకు తెలిస్తే నా పరువు పోతుంది.

జూలైలో చిట్టీ వచ్చింది. పునాదికి పోయింది.

నేనేమీ ఇవ్వలేదనడం కూడా నిజం కాదు. తొంభై ఎనిమిది దసరాకు మూడు వేలు ఇచ్చాను. అన్న తీసుకున్నాడు. తొందరేం లేదన్నాడు. ఆ మాట ఆయనే అన్నాడు.

రాశాను. పోలేదు.

8 డిసెంబర్

వదినె భీమ్‌గల్ పోదామంది.

నిన్న సాయంత్రం రుక్మతో ఫోన్ చేయించింది. తెల్లారి మొదటి బస్సుకు చందూర్ నుంచి బోధన్ వచ్చేసింది, ఒక్కతే. తోడు రమ్మంది. బస్‌స్టాండులో ఆమెను చూశాక ఏదో ఒక పని చెప్పి తప్పించుకోగలిగేవాణ్ని. నేను రెండు టికెట్లు తీశాను.

నిజామాబాద్‌లో బస్సు మారాం. ఆర్మూర్ దాటాక ఆమె అంది. "ఆడామె ఉంటె ఉండనీ నర్సూ. పిల్లలుంటె వాళ్లకు గూడ ఏమన్న రావాలె గద. నాకు తెల్వాలె అంతే." నేను చెప్పడానికి నోరు తెరిచాను. కండక్టర్ వచ్చాడు. కండక్టర్ పోయాక కూడా చెప్పలేదు.

భీమ్‌గల్‌లో పసుపు రైతులను అడుగుతూ పోయాం. చందూర్ ఆత్మారాం అంటే ముగ్గురు నలుగురికి తెలుసు. ఒకాయన చెయ్యి చాచి చూపించాడు, గంగుబాయి ఇంట్లో దిగుతాడు అని. వదినె కొంగు నిండుగా కప్పుకుంది. ఆ సందులో నడుస్తుంటే నేను రెండడుగులు వెనకబడ్డాను. అక్కడ నిజంగానే ఒక ఆడమనిషి ఉంటే బాగుండునని నేను కోరుకున్నాను. దేవుడి సాక్షిగా రాస్తున్నాను, కోరుకున్నాను. ఉంటే నేను బతికిపోతాను.

గంగుబాయికి డెబ్బై ఏళ్లు ఉంటాయి. వాకిట్లో నిరుటి పసుపు కొమ్ములు ఎండబెడుతోంది. భర్త, ఇద్దరు కొడుకులు, కోడళ్లు, నిండు ఇల్లు. అన్న ఏటా విత్తనం కోసం వచ్చి, కొమ్ములు ఏరి, బరువు చూసుకుని మర్నాడు బండికి పోయేవాడట. ఆయన లేడని వదినె చెప్పగానే ముసలామె చేతిలో కొమ్ము పడేసి వదినె చేతులు పట్టుకుంది. అన్నం పెట్టింది. నన్ను చూసి అడిగింది.

"నువ్వేనా తమ్మునివి? ఎప్పుడొచ్చినా నీ ముచ్చటే. మా తమ్ముడు సర్కారు కొలువసొంటి కొలువు జేస్తడు, బోధన్‌ల ఇల్లు గట్టిండు, మా ఇంట్ల ఎవ్వలకు లేని రాత వానికున్నది అంటుండె."

నీళ్లు తాగాను. వదినె నన్ను చూడలేదు.

తిరుగు బస్సులో ఆమె మనసు తేలిక పడిందనుకున్నాను. నిజామాబాద్ వచ్చాక అంది, "గిక్కడ లేదంటే ఇంకెక్కడున్నదో."

9 డిసెంబర్

జ్వరం.

22 డిసెంబర్

శ్యామల ఇవాళ అన్నం వడ్డిస్తూ అంది, మీ అన్న పైసల విలువ తెలియని మనిషి, అప్పులు చేసిపోయాడు, ఇప్పుడు వాళ్లు పడుతున్నారని. నా భార్య చెడ్డది కాదు. తెలిసింది మాట్లాడుతుంది. నేను అవునన్నాను.

అవునన్నాను.

5 జనవరి 2003

రుక్మ కాలేజీ మానేసింది. బీడీలు చేస్తోంది. ఎవరి దగ్గరో కంపెనీ ఆకు, తంబాకు ఇచ్చే బీడీ కార్డు తీసుకుని తల్లీ బిడ్డా కూర్చుంటున్నారు. నేను వెళ్లేసరికి చాటలో తునికాకు కత్తిరిస్తోంది. మార్చిలో పరీక్షలు కదా అంటే వచ్చే ఏడు రాస్తానంది. మాట్లాడుతూనే చుడుతోంది. ఇంకా చెయ్యి తిరగలేదు, రెండు విప్పి మళ్లీ చుట్టింది.

దండెం మీద అన్న చొక్కాలు లేవు. ఫోటో కోసం చూశాను. పెట్టెలో పెట్టిందట వదినె.

రుక్మ బస్సు దాకా వచ్చింది. "చిన్నబాపు, మా బాపు మంచోడే గద?" అంది.

మంచివాడే అన్నాను. ఎట్లా తెలుసు అని అడగలేదు ఆ పిల్ల. అడగలేదు.

19 జనవరి

తుకారాం సేఠ్ కొత్త స్టాంపు కాగితం తీసుకుని చందూర్ వచ్చాడు. నేను అక్కడే ఉండాలని రుక్మ కబురు పంపింది. జూన్‌లో గడువు. కోర్టు, కేసు నాకిష్టం లేదు, అమ్మ వేలు ముద్ర వేస్తే నెమ్మదిగా కట్టుకోవచ్చు అన్నాడు.

నేను వకీలు చెప్పిందంతా చెప్పాను. ఆమె బాధ్యత భూమి వరకే, కొత్త కాగితం రాయించుకునే హక్కు నీకు లేదు, కావాలంటే కోర్టుకు పో అన్నాను. నా గొంతు నాకే బాగా వినిపించింది. వదినె మాత్రం వేలు చాచింది.

"ఏం కర్సు జేసిండో నాకు తెల్వది. కని జేసిండు గద. ఆయన పేరు కోర్టుల పిలువద్దు," అంది.

నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను. నాలుగు రోజులు ఆగమని సేఠ్‌ను బయటికి తీసుకొచ్చాను. జీపు దగ్గర ఆయన నా వైపు తిరిగాడు. ఆయన తెలుగులో మరాఠీ యాస ఉంటుంది, కోపం ఉన్నా తెలియదు.

"భావు, ఆ దినం ఆత్మారాం నా గద్దె మీద కూసొని చెప్పిండు. తమ్ముని నౌకరీ పోతది సేఠ్, ఎవ్వలకు చెప్పకు అన్నడు. ఐదేండ్లయింది, నేను నా కొడుకులకు గూడ చెప్పలె. ఏటేటా చెరుకు పైసలొస్తె ఫస్టు నాకే తెచ్చి మిత్తి కట్టిండు. నువ్వు నాకు కానూన్ చెప్తున్నవ్. మంచిది. కానూన్‌ల నా నోటు మీద నీ పేరు లేదు."

జీపు ఎక్కి కూర్చున్నాక మళ్లీ అన్నాడు. "నాకు తెలుసు లేదని."

20 జనవరి

ఏం సంబంధం లేదు. ఏం సంబంధం లేదు. నాలుగుసార్లు రాస్తే నాలుగుసార్లూ చేతి రాత వేరుగా వచ్చింది. రెండు కొట్టేశాను.

2 ఫిబ్రవరి

శ్యామలకు చెప్పాను. పొద్దున, వంటింట్లో, ఆమె బియ్యం ఏరుతుండగా. అంతా చెప్పేదాకా ఆమె ఏరడం ఆపలేదు. అయ్యాక చాట కింద పెట్టింది.

ఇల్లు ఎట్లా, ఉద్యోగం ఎట్లా అని అడుగుతుందనుకున్నాను. అవి తర్వాత అడిగింది. మొదట అడిగింది వేరు.

"గా దినం నేను మీ అన్నను గన్ని మాటలంటె నువ్వు అవునన్నవ్. నా నోటితోని గందుకనిపిచ్చినవా?"

మధ్యాహ్నం వచ్చి, ఇంటి పక్కన మిగిలిన సగం ప్లాటు అమ్మేద్దాం, కానీ అంతకంటే ముందు నువ్వు అక్కకు చెప్పాలి, నేను కూడా వస్తాను అంది. వద్దన్నాను. ఇది ఒక్కణ్నే పోవాలి.

3 ఫిబ్రవరి

చెప్పాను.

4 ఫిబ్రవరి

నిన్న రాయలేకపోయాను.

తల్లీ బిడ్డా వాకిట్లో బీడీలు చేస్తున్నారు. నేను నేల మీద కూర్చున్నాను. వదినె చాప తెచ్చుకోమంది. అట్లాగే కూర్చుని చెప్పాను. ప్లాటు, సొసైటీ డబ్బు, ఆడిట్, ఎరువు సంచి, తమ్ముని నౌకరీ పోతుందని అన్న సేఠ్‌తో చెప్పిన మాట, నేను చెప్పొద్దన్న మాట. నడుమ ఆపితే మళ్లీ మొదలుపెట్టలేనని ఆపకుండా చెప్పాను.

రుక్మ కత్తెర పట్టుకున్న చెయ్యి అట్లాగే ఉండిపోయింది. వదినె ముఖంలో నేను కోపం కోసం చూస్తున్నాను. వచ్చింది కోపం కాదు. ఏళ్ల తరబడి మోసిన మోపు ఎవరో దించితే మనిషి మెడ తిప్పుకుంటుంది కదా, అట్లా అటూ ఇటూ తిప్పింది.

"గంతేనా," అంది. "ఇంకేం లేదా. నీకే ఇచ్చిండా."

నాకే అన్నాను.

"ఆయన ఏం తప్పు జెయ్యలె."

చెయ్యలేదన్నాను.

ఆమె లేచి లోపలికి పోయి పెట్టె తెరిచిన చప్పుడు వినిపించింది. ఫోటో తెచ్చి మేకుకు తగిలించింది. దుమ్ము తుడిచింది. తిరిగి వచ్చి నా ముందు నిలబడింది. అప్పుడు చూసింది నన్ను, మొదటిసారి చూసినట్టు.

"నర్సూ, నాతోని భీమ్‌గల్ ఎందుకొచ్చినవ్?"

జవాబు కోసం ఎదురుచూసింది. నిజంగానే తెలుసుకోవాలని అడిగిన మాట అది.

"బస్సుల నా పక్కకు కూసున్నవ్. ఆ ముసలామె ఇంట్ల అన్నం తిన్నవ్."

రుక్మ తల్లి చెయ్యి పట్టుకుంది. వదినె విడిపించుకోలేదు. డబ్బు కడతాను, ప్లాటు అమ్ముతున్నాం అని చెప్పాను. ఆమె ఆ మాట విననట్టే ఉంది.

"పైసలు నువ్వు సేఠ్‌కు ఇచ్చుకో. నాకు జెప్పినవ్, మంచిది. కని హన్మాండ్లు హోటల్ కాడ కూసొని ఆయన గురించి మాట్లాడినోళ్లకు ఎవరు జెప్పాలె? నేను జెప్తె మొగన్ని యెన్కేసుకొస్తుందంటరు. నువ్వు జెప్పు."

చెప్తే ఉద్యోగం పోతుంది వదినె, అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

"మీ అన్న గూడ గదే అన్నడట గద, నీ నౌకరీ పోతదని," అంది.

16 ఫిబ్రవరి

పదమూడు రోజులు పట్టింది నాకు.

పొద్దున ఎనిమిదింటికి హన్మాండ్లు హోటల్. చెరుకు ట్రాక్టర్లు ఫ్యాక్టరీకి పోతూ అక్కడ ఆగుతాయి. పదిహేను మంది ఉన్నారు. చాయ్ తీసుకుని తాగకుండా నిలబడ్డాను. ఒక మాట చెప్పాలి అన్నాను. ఎవరూ వినలేదు. రెండోసారి గట్టిగా అన్నాను.

"మా అన్న తుకారాం కాడ తెచ్చిన నలభై వేలు నాకు తెచ్చిండు. నేను సొసైటీ పైసలు తీసిన. ఆడిట్‌ల దొరుకుతనని తెచ్చి నింపిండు. భీమ్‌గల్ ముచ్చట అబద్ధం. ఇన్ని దినాలు నేను జెప్పలె."

నేను కూడా ఊరి మాటలోనే చెప్పాను. బోధన్ వచ్చాక మానేసిన మాట అది. నోటికి అదే వచ్చింది.

హన్మాండ్లు పాలు పోస్తున్న గిన్నె పొయ్యి మీద పెట్టాడు. ట్రాక్టరు మీద ఉన్న ఒకాయన ఇంజన్ ఆపి, మళ్లీ చెప్పమన్నాడు, వినపడలేదట. మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడమే కష్టం. ఒక పెద్దాయన లేచి, మేం ఎన్ని మాటలన్నాం ఆ మనిషిని, అంటూ తువ్వాల దులుపుకుని వెళ్లిపోయాడు. నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

10 మార్చి

సస్పెన్షన్ ఆర్డర్ వచ్చింది. ఎవరో పిటిషన్ పెట్టారు. పెట్టాలి కూడా. విచారణ ఉంటుందట. శ్యామల ఆర్డర్ చదివి మడిచి బీరువాలో పెట్టింది.

21 మార్చి

సగం ప్లాటు పక్కింటి ముత్తన్న కొన్నాడు. తుకారాం సేఠ్‌కు అసలు, ఈ ఏటి మిత్తి కట్టేశాను. ఆయన నోటు తీసి నా చేతికిచ్చాడు. అన్న సంతకం. ఆత్మారాం అన్న మూడు అక్షరాలు, బళ్లో నేర్పినట్టే విడివిడిగా. దాన్ని నువ్వే చింపాలి కదా సేఠ్ అన్నాను. చింపాడు. హిసాబ్ బరాబర్ భావు, అన్నాడు.

బరాబర్ కాదు. అన్న ఐదేళ్లు కట్టిన మిత్తి సంగతి ఎవరి పుస్తకంలోనూ లేదు. ఆ డబ్బు కొంచెం కొంచెంగా ఇస్తానని చెప్పడానికి సాయంత్రం చందూర్ పోయాను. వదినె గుమ్మంలోనే నిలబడి విన్నది.

"గది నీకు, ఆయనకు. నడుమల నన్ను వెట్టకు."

రుక్మ ఫీజు కడతానంటే మాత్రం కాదనలేదు. అది ఆ పిల్ల ఇష్టమంది. రుక్మ ఆలోచించి చెప్తానంది. నన్ను సాగనంపడానికి ఈసారి సందు మూల దాకానే వచ్చింది.

"బాపు పోయిన కాన్నుంచి అవ్వ ఏడ్వలె చిన్నబాపు. మంది ఏమనుకుంటరో అని నేనే పరేషానైన. నువ్వు హోటల్ కాడ జెప్పిన దినం ఏడ్చింది. పొద్దుమూకిందాక ఏడ్చింది. ఇయ్యాల్నే సచ్చిపోయినట్టు ఏడ్చింది."

2 ఏప్రిల్, ఉగాది

శ్యామల పచ్చడి చేసి చందూర్‌కు కూడా డబ్బాలో పెట్టి ఇచ్చింది. తీసుకుపోయాను. వదినె తీసుకుంది. రుక్మ రెండు ముద్దలు తింది. జూన్‌లో మళ్లీ కాలేజీలో చేరతానంది.

నేను లేస్తుండగా వదినె అడిగింది. "ఇంకేమన్న ఉన్నదా నర్సూ? ఉంటె ఇప్పుడే జెప్పు. మల్ల మల్ల నా తోని గాదు."

ఏం లేదు వదినె, అన్నాను.

ఉంది.

అక్టోబర్‌లో, అన్న పోవడానికి పది రోజుల ముందు, మా ఇంటికి వచ్చాడు. మధ్యాహ్నం. శ్యామల పుట్టింట్లో ఉంది. పైఅంతస్తు గోడలు లేస్తున్నాయి, మేస్త్రీలు పని మీద ఉన్నారు. అన్న అరుగు మీద కూర్చున్నాడు. లోపలికి రమ్మంటే కాళ్లు దుమ్ముగా ఉన్నాయన్నాడు. చాయ్ తాగాడు. చెరుకు ఎండిపోతోంది, ఈసారి మిత్తికి చెయ్యి ఆడట్లేదు, ఒక ఐదు వేలు ఏమన్నా సర్దుతావా అని అడిగాడు. ఐదేళ్లలో మొదటిసారి అడిగాడు. అప్పుడు కూడా నీ అప్పు అనలేదు. సర్దుతావా అన్నాడు.

నా జేబులో ఏడు వేలు ఉన్నాయి. సిమెంటుకు. అన్నా, ఈ నెల ఇబ్బందిగా ఉంది, పైన పని నడుస్తోంది కదా అన్నాను.

ఆయన తలెత్తి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు. గోడలను, కిటికీలకు వదిలిన ఖాళీలను, ఒక్కొక్కటీ చూశాడు. గ్లాసు జాగ్రత్తగా గోడ పక్కన పెట్టి, తువ్వాల దులిపి భుజాన వేసుకుని లేచాడు.

"ఇల్లు మంచిగ కట్టినవ్ రా నర్సూ," అన్నాడు.

బస్‌స్టాండు వైపు నడిచి పోయాడు. మేస్త్రీ ఏదో అడుగుతుంటే నేను పైకి వెళ్లాను.